పాప అన్నం ముట్టదు, పాలు మాత్రం తాగుతుంది

ప్రశ్న: మా పాపకు 26 నెలలు. పుట్టినప్పుడు 2.7 కిలోలు, ఏడాది నిండినప్పుడు 8.4, ఇప్పుడు 10.6. ఏడాది దాకా పెట్టిందల్లా తినేది. ఇప్పుడు కంచం చూస్తేనే మొహం తిప్పుకుంటోంది. పప్పన్నం మిక్సీలో మెత్తగా తిప్పి, ఫోనులో పాటలు పెట్టి, ఇల్లంతా తిరుగుతూ పెడితే గంటకి ఐదారు ముద్దలు దిగుతాయి. చిన్న పలుకు తగిలినా ఉమ్మేస్తుంది. చేతులు పట్టుకుని పెడితే కక్కేస్తుంది. పాలు మాత్రం బాగానే తాగుతుంది. పంచదార కలిపిన గేదె పాలు, రోజుకి ఐదు సీసాలు, అందులో ఒకటి అర్ధరాత్రి. విరేచనం మూడు రోజులకోసారి, అదీ గట్టిగా. ఈమధ్య గోడ సున్నం గీకి నాకుతోంది, క్యాల్షియం తక్కువేమో తెలియదు. పక్కింటి బాబుది ఇదే వయసు, రెండు ఇడ్లీలు తానే తింటాడు. మా అత్తగారు నాకు పెట్టడం చేతకాదంటారు. ఆకలి పుట్టే సిరప్ ఏదైనా చెప్పండి. వచ్చే నెల మా మరిది పెళ్లి. బంధువులంతా పిల్లని చూసి ఏమంటారోనని దిగులుగా ఉంది.
ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: అమ్మా, మీ ఉత్తరమంతా అన్నం గురించే. పాల సంగతి మధ్యలో ఎక్కడో వచ్చి వెళ్లిపోయింది. నేను ఆగింది అక్కడే.

సీసా 200 మిల్లీలీటర్లు అనుకుంటే ఐదు సీసాలంటే లీటరు. చిక్కటి గేదె పాలు లీటరులో తొమ్మిది వందల నుంచి వెయ్యి కేలరీల దాకా ఉంటాయి. పంచదార లెక్క వేరే. రెండేళ్ల పిల్లకి రోజు మొత్తానికి కావలసిందే సుమారు వెయ్యి. అంటే మీరు కంచం పట్టుకుని వెంటపడేసరికే మీ పాప ఆ రోజు భోజనం దాదాపు ముగించేసింది. ఆకలి లేక తినడం లేదంటున్నారు. నిజమే, ఆకలి లేదు. ఎందుకు లేదో ఆ సీసాల్లో ఉంది.

పాలు చెడ్డవని కాదు. రెండేళ్ల పిల్లకి రోజుకి 400 మిల్లీలీటర్లు, మహా అయితే అరలీటరు, అందులోనే పెరుగూ మజ్జిగా కలుపుకుని, చాలు. అది దాటితే రెండు రకాలుగా చెడుతుంది. ఒకటి, కడుపు నిండిపోయి మిగతా తిండికి చోటుండదు. రెండోది కంటికి కనపడదు. పాలల్లో ఇనుము దాదాపు లేనట్టే. పైగా వాటిలోని క్యాల్షియం మిగతా తిండిలో ఉన్న కాస్త ఇనుమునూ ఒంటికి పట్టనివ్వదు. ఇనుము తగ్గితే రక్తం తగ్గుతుంది. రక్తం తగ్గిన పిల్లకి ఆకలి మందగిస్తుంది. అన్నం తినడం లేదని ఇంట్లోవాళ్లు ఇంకో సీసా కలుపుతారు. పీచు లేని ఆ పాలతో విరేచనం గట్టిపడుతుంది, గట్టిపడిన కడుపుతో ఉన్న పిల్ల అసలే తినదు. మీరు రాసిన నాలుగు బాధలూ నాలుగు జబ్బులు కావు, ఒకదాన్నొకటి పట్టుకుని వచ్చినవి.

సున్నం సంగతి కూడా దీనితోనే ముడిపడి ఉందని నా అనుమానం. లీటరు పాలు తాగే పిల్లకి క్యాల్షియం కొరత ఎక్కడి నుంచి వస్తుంది? మన్నూ, సున్నమూ, బలపమూ తినే పిల్లల్లో ముందు చూడవలసింది రక్తహీనత. మన దగ్గర అది అరుదైనదేమీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 63 మందికి, తెలంగాణలో 70 మందికి రక్తహీనత ఉంది. కాబట్టి ఈ వారంలోనే పిల్లల డాక్టరుకి చూపించి రక్తపరీక్ష చేయించండి. ఈ వయసులో హిమోగ్లోబిన్ 11 కన్నా తగ్గితే రక్తహీనత కిందే లెక్క. ఉందని తేలితే తోటకూర, బెల్లం, ఖర్జూరం పెట్టి సరిచేద్దామని కూర్చోకండి. ఒకసారి తగ్గిన రక్తం తిండితో మాత్రమే కోలుకోవడం చాలా నిదానం. ఐరన్ చుక్కలో సిరప్పో బరువుని బట్టి డాక్టరు రాస్తారు, కొన్ని నెలలు వాడాలి. దాన్ని పాలతో కలిపి గానీ పాలు తాగిన వెంటనే గానీ ఇవ్వకూడదు. విరేచనం నల్లగా వస్తుంది, కంగారు పడొద్దు. పళ్లకి మరక పట్టకుండా నాలుక వెనకగా పోసి, తర్వాత నీళ్లు తాగించండి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడీల్లో ఇచ్చే నులిపురుగుల మాత్ర పాపకి పడిందో లేదో కూడా చూసుకోండి. ఆ గోడ దగ్గర మంచమో బీరువానో అడ్డం పెట్టండి. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, పిల్లల మెదడుకి అది మంచిది కాదు.

ఇక బరువు. మొదటి ఏడాదిలో 5.7 కిలోలు పెరిగిన పిల్ల తర్వాతి పద్నాలుగు నెలల్లో 2.2 మాత్రమే పెరిగిందంటే ఏ తల్లికైనా గుండె జారుతుంది. కానీ పిల్లలందరూ అంతే. పుట్టినప్పటి బరువుకి మూడింతలు అయ్యేది ఏడాదిలోనే. ఆ తర్వాత ఏడాదికి రెండు, రెండున్నర కిలోలు. ఎదుగుదల నెమ్మదించినప్పుడు ఆకలీ నెమ్మదిస్తుంది. ఏడాది లోపు తిన్నట్టు రెండేళ్లకి తినకపోవడం జబ్బు కాదు. మీ పాప పెరిగింది కొంచెం తక్కువే, అందులో సందేహం లేదు. అయినా 26 నెలల ఆడపిల్లకి ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల్లో సగటు 11.9 కిలోలైతే, తక్కువ బరువు అనేది 9.4 కిందకి పడితేనే. మీ పాప 10.6. అంగన్‌వాడీ కార్డులో గీత పచ్చ భాగంలోనే ఉంటుంది, తీసి చూడండి. పక్కింటి బాబు తినే ఇడ్లీల లెక్క ఆ కార్డులో ఎక్కడా ఉండదు.

ఇప్పుడు అసలు పని. ఎలిన్ సాటర్ అనే అమెరికన్ పోషకాహార నిపుణురాలు దశాబ్దాల కిందట ఒక పంపకం చెప్పారు. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నవి పెద్దవాళ్ల పనులు. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నవి పిల్లల పనులు. మన ఇళ్లల్లో ఇది తలకిందులుగా నడుస్తుంది. ఏం తినాలో పిల్ల చెబుతుంది (పాలు, బిస్కెట్టు, ఫోను), ఎంత తినాలో మనం చెబుతాం (“ఇంకొక్క ముద్ద, నా తల్లి కదూ”). నా దగ్గరికి వచ్చే తల్లులకి ఇందులో మింగుడుపడనిది ఆ రెండో సగమే. “వదిలేస్తే అసలు తినదండీ” అంటారు. పిల్లలకి తమ కడుపు కొలత తెలుసు. 1920ల్లో అమెరికాలో క్లారా డేవిస్ అనే డాక్టరు, తల్లిపాలు మాన్పించిన పసిపిల్లల ముందు రకరకాల పదార్థాలు పెట్టి, నర్సులు ఏదీ తినమని గానీ వద్దని గానీ అనకుండా చూసింది. ఒక పూట గుడ్లే, ఇంకో పూట పళ్లే తిన్నారు, ఏ రోజూ పద్ధతిగా తినలేదు, అయినా బాగా పెరిగారు. ఒక్క మెలిక ఉంది, గమనించండి. ఆ పళ్లాల్లో పెట్టినవన్నీ మంచి తిండే. బిస్కెట్లూ కుర్‌కురేలూ పంచదార పాలూ పెట్టి “పిల్లకే తెలుసు” అంటే కుదరదు.

మొదట పాలు. ఒక్క రోజులో ఆపేస్తే ఇల్లు రణరంగమవుతుంది, పది పన్నెండు రోజులు తీసుకోండి. పంచదార ఈరోజే సగం చేయండి, నాలుగో రోజుకి మానేయండి. పదకొండు గంటల సీసా, సాయంత్రం సీసా ముందు తీసేయండి. ఆ వేళల్లో తిండి పెట్టండి. అర్ధరాత్రి సీసాలో పాలు రోజురోజుకీ తగ్గించి నీళ్లు పెంచుతూ పోతే వారంలో అది ఉత్త నీళ్లవుతుంది. ఉత్త నీళ్ల కోసం లేచే పిల్లలు తక్కువ. రాత్రి సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లల పై పళ్లు పుచ్చిపోతాయి కూడా, ఒకసారి పెదవి ఎత్తి చూడండి. చివరికి మిగలవలసింది రెండు చిన్న గ్లాసులు, అవీ తిన్న తర్వాత, గ్లాసుతోనే. సీసాలు ఎదురుగా కనపడకూడదు, అటక మీద పెట్టేయండి. లేదా అవసరమున్న ఇంకెవరికైనా ఇచ్చేయండని చెప్పేదాన్ని గానీ, వాళ్లకి మాత్రం ఎందుకా బాధ.

తర్వాత వేళలు. రోజుకి ఐదు సార్లు: మూడు భోజనాలు, మధ్యలో రెండు చిరుతిళ్లు, వాటి మధ్య రెండున్నర నుంచి మూడు గంటల వ్యవధి. ఆ మధ్యలో మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. ఒక బిస్కెట్టు కూడా. ఏడుస్తుంది. ఎత్తుకోండి, బయటికి తీసుకెళ్లి కోళ్లనో కుక్కపిల్లనో చూపించండి, తిండి మాత్రం ఇవ్వకండి. ఆకలి అంటే ఏమిటో ఆ పిల్లకి చాలా నెలలుగా తెలియలేదు, తెలియనివ్వండి.

కూర్చోబెట్టే చోటు ఒకటే ఉండాలి. చాప మీదో, చిన్న కుర్చీలోనో, మీరందరూ తినేటప్పుడు మీతో పాటే. ఆమెకి ఒక చిన్న పళ్లెం. వయసుని బట్టి ఏడాదికొక పెద్ద చెంచా అన్నది మొదట వడ్డించడానికి మంచి కొలత. అంటే మీ పాపకి రెండు చెంచాల అన్నం, రెండు చెంచాల పప్పు, పక్కన ఒక ముక్క కూర. మీకది పిచ్చుక తిండిలా కనపడుతుంది. కావాలంటే మళ్లీ అడుగుతుంది. పళ్లెంలో ఒకటైనా ఆమెకి ఇష్టమైనది ఉండాలి. ఇరవై నిమిషాలు, ఎక్కువైతే అరగంట. తినకపోతే పళ్లెం తీసేయండి, మొహంలో కోపం గానీ బాధ గానీ లేకుండా. “తినలేదా? సరే, మళ్లీ సాయంత్రం తిందాం” అంతే. తిన్నప్పుడు చప్పట్లూ వద్దు. చప్పట్లు కొడితే తినడం మన కోసం చేసే పని అనుకుంటుంది, ఆ తర్వాత బేరాలు మొదలవుతాయి.

చేతులు పట్టుకుని పెట్టడం ఈ పూట నుంచే మానేయండి. ఇందులో పది రోజుల గడువు లేదు. ఏడుస్తున్న పిల్ల నోట్లో ముద్ద పెడితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ముక్కు మూసి పోయడం అంతకన్నా ప్రమాదం. ఇక కక్కడం, మీ పాప జబ్బుతో కక్కుతోందని నేననుకోను. బలవంతం ఆగాలంటే తన దగ్గరున్న ఉపాయం అదొక్కటే.

మిక్సీ సంగతికి కాస్త ఓపిక కావాలి. తొమ్మిది పది నెలలకే పలుకులున్న తిండి అలవాటు కావలసింది. అది దాటిపోతే నాలుకకి పలుకంటే బెదురు పడుతుంది. రెండేళ్ల పిల్లకి పలుకు తగిలితే ఉమ్మడం మొండితనం కాదు, నోటికి అలవాటు లేకపోవడం. ఈ వారం మిక్సీ బదులు పప్పుగుత్తితో మెదపండి. వచ్చే వారం చేత్తో మెదపండి. ఆ తర్వాత మెదపకుండా మెత్తగా ఉడికిన ముద్దపప్పన్నం. ఇది ఒక దారి. ఇంకో దారి, చేతికి ఇవ్వడం. ఇడ్లీ ముక్క, ఉడికించిన చిలగడదుంప వేలిలా కోసి, పెసరట్టు అంచు, గుడ్డు అట్టు ముక్క, మగ్గిన అరటిపండు, మెత్తటి జామపండు గింజలు తీసేసి. తినకపోయినా చిదుముతుంది, నలుపుతుంది, జుట్టుకి పూసుకుంటుంది. చెయ్యనివ్వండి, కింద పాత చీర పరచండి. వేళ్లకి అలవాటైనదే నోటికి అలవాటవుతుంది. కొత్త కూర ఒకటి రెండు సార్లు ఉమ్మేసిందని “మా పాపకి బీరకాయ పడదు” అని తేల్చేయకండి. ఎనిమిది, పది, ఒక్కోసారి పదిహేను సార్లు కంచంలో కనపడితే గానీ కొందరు పిల్లలు నోట పెట్టరు. వేరుశనగ పలుకులు, వేయించిన శనగలు, గింజ తీయని రేగిపళ్లు, నిలువుగా కోయని ద్రాక్ష మాత్రం ఈ వయసులో అసలు ఇవ్వకండి, గొంతులో అడ్డుపడతాయి. వేరుశనగ కావాలంటే పొడి చేసి అన్నంలో కలపండి.

రక్తానికి పనికొచ్చేవి రోజూ ఏదో ఒకటి పడాలి. మాంసం తినే ఇల్లయితే కీమా, మెత్తగా ఉడికించిన లివరు, ముళ్లు తీసిన చేప. ఆ ఇనుము ఒంటికి బాగా పడుతుంది. కాకపోతే తోటకూర పప్పు, పెసలు, శనగపిండి అట్టు, వాటితో పాటు టమాటానో నిమ్మరసం చుక్కో జామపండో. పులుపు తోడుంటే ఆకుకూరల్లో ఇనుము ఎక్కువ పడుతుంది. పప్పులో మామిడికాయ వేసే మన అలవాటు ఈ విషయంలో మనకి కలిసొచ్చిందే. నెయ్యి ఒక చెంచా ఎటూ వేస్తారు, వేయండి.

ఫోను. పాటలు చూస్తూ తినే పిల్లకి తాను తింటున్నట్టే తెలియదు. నోరు తెరుచుకుంటుంది, ముద్ద పడుతుంది, కడుపు నిండిందో లేదో పట్టించుకోదు. రెండేళ్ల లోపు తెర అసలే వద్దని, రెండు నుంచి ఐదేళ్ల దాకా రోజుకి గంట మించకూడదని మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం చెబుతుంది. అన్ని పూటలా ఒకేసారి లాక్కోకండి. అర్ధరాత్రి సీసా మానిన తర్వాత పొద్దున ఆకలి బాగా ఉంటుంది, ముందు ఆ టిఫిన్ పూట తీసేయండి. అది కుదురుకున్నాక మధ్యాహ్నం, చివర రాత్రి. మరి ఇంట్లో మగవాళ్లు కంచం ముందు ఫోను చూస్తూ పిల్లకి వద్దంటే వినదు. ఆ మాట మీవారికి నేనే చెప్పినట్టు చెప్పండి.

మొదటి మూడు నాలుగు రోజులు ఇప్పటికన్నా తక్కువ తింటుంది. ముందే తెలిసి ఉండండి, లేకపోతే రెండో రోజు సాయంత్రమే సీసా కిందికి దిగుతుంది. ఉచ్చ మామూలుగా పోస్తూ, ఆడుకుంటూ ఉన్నంతకాలం భయం లేదు. విరేచనానికి మాత్రం ఎదురు చూడకండి. గట్టిగా వచ్చి నొప్పి పెట్టిన పిల్ల బిగబట్టుకుంటుంది. డాక్టరు దగ్గర మెత్తబరిచే మందు అడిగి, నీళ్లూ పళ్లూ పెంచి, కొన్నాళ్లు వాడండి.

మీ అత్తగారి గురించి. ఆవిడ మాట మిమ్మల్ని నొప్పించింది, ఆ నొప్పి మీ ఉత్తరంలో తెలుస్తూనే ఉంది. అయినా పిల్ల తినకపోతే ఆవిడకీ నిద్ర పట్టడం లేదనే నా ఊహ. ఆవిడతో వాదించకండి, గెలిచినా ఓడినట్టే. “డాక్టరమ్మ చెప్పింది” అని నెపం నా మీద వేసేయండి, ఈ కాగితం చూపించండి. ఆవిడకి ఒక పని అప్పగించండి. సాయంత్రం చిరుతిండి ఆవిడది. రాగి సంకటి చిన్న ఉండ, ఉడికించిన గుడ్డు, కుడుము, ఏది చేస్తే అది, కానీ పాలు కాదు, బిస్కెట్టు కాదు. పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని ఆవిడ తింటూ ఉంటే చాలు. నాయనమ్మ విస్తట్లోంచి ఎత్తుకుని తిన్న ముద్ద మనం పెట్టిన పది ముద్దల పెట్టు. దిష్టి తీస్తానంటే తీయనివ్వండి, ఎండుమిరపకాయల పొగ మాత్రం పిల్ల మొహానికి కొట్టకుండా.

ఆకలి సిరప్ రాయను. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే వాటిలో ఎక్కువగా ఉండేది సైప్రోహెప్టడిన్. అది నిజానికి అలర్జీ మందు, ఆకలి పెరగడం దాని పక్కప్రభావం, ఇంకో పక్కప్రభావం మత్తు. వాడినన్నాళ్లు నాలుగు ముద్దలు ఎక్కువ తింటుంది, ఆపితే మళ్లీ మొదటికే. కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో డాక్టర్లు వాడతారు, మీ పాప పరిస్థితి అది కాదు. డబ్బాల్లో వచ్చే చాక్లెట్ పొడులు కూడా వద్దు. వాటిలో పంచదార చాలా ఎక్కువ. 2024 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్ దుకాణాలకి వాటిని ‘హెల్త్ డ్రింక్స్’ వరుసలోంచి తీసేయమని చెప్పింది కూడా. పైగా అవి కలపడానికి పాలు కావాలి, మళ్లీ సీసా దగ్గరికే వస్తాం.

ఇంత చెప్పినా, డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు కొన్ని విషయాలు దాచకుండా చెప్పండి. నీళ్లు తాగినా ముద్ద మింగినా దగ్గూ పొలమారడమూ ఉందా? మింగేటప్పుడు నొప్పితో ఏడుస్తుందా? తరచూ జ్వరాలో విరేచనాలో ఉన్నాయా? బరువు గీత రెండు మూడు నెలలుగా కదలడం లేదా, కిందికి వస్తోందా? నిన్నటిదాకా తిన్నవి కూడా ఒక్కొక్కటే మానేస్తూ చివరికి నాలుగైదు రకాలకి వచ్చిందా? పిలిస్తే పలుకుతుందా, కళ్లలోకి చూస్తుందా, రెండు మాటలు కలిపి అంటుందా? వీటిలో దేనికైనా జవాబు తేడాగా ఉంటే నేను రాసిన పద్ధతి మాత్రమే సరిపోదు. మింగడానికి సంబంధించిన పరీక్షలో, ఎదుగుదల పరీక్షో, మాటల థెరపిస్టు సాయమో కావాలి. అలాంటి పిల్లల్ని “ఆకలేస్తే అదే తింటుంది” అని వదిలేయడం తప్పు. మీ ఉత్తరాన్ని బట్టి మీ పాప ఆ కోవలోది అనిపించడం లేదు. కానీ ఉత్తరం చూసి అంతకన్నా గట్టిగా చెప్పలేను.

పెళ్లి వచ్చే నెలే కదా. అప్పటికి పాలు తగ్గుతాయి, ఐరన్ మొదలై ఉంటుంది, బరువులో మాత్రం పెద్ద తేడా కనపడదు. ఎవరైనా “చిక్కిపోయిందే” అంటే “డాక్టరు చూస్తున్నారు” అనండి, అంతకన్నా సంజాయిషీ ఎవరికీ అక్కర్లేదు. పందిట్లో ఆ రెండు రోజులు వేళలు తప్పుతాయి, ఎవరో ఒకరు లడ్డూ చేతిలో పెడతారు, ఫోనూ బయటికి వస్తుంది. పోనివ్వండి. సీసా మాత్రం సంచిలో పెట్టుకుని వెళ్లకండి. ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున టిఫిన్ దగ్గర మళ్లీ మొదలుపెట్టి, నెలకోసారి అదే అంగన్‌వాడీలో, అదే తూకం మీద, తేలికపాటి గౌనుతో బరువు తూయించండి. మధ్యలో ఇంట్లో ఎన్నిసార్లు ఎత్తి చూసుకున్నా ఏమీ తెలియదు.